మూడు కిలోల బియ్యం, ఎనభై శాతం హాజరు

నెలకు మూడు కిలోల బియ్యం. షరతు ఒక్కటే: బడి నడిచిన రోజుల్లో నూటికి ఎనభై హాజరు ఉండాలి. 1995 ఆగస్టు 15న కేంద్రం ప్రాథమిక బడి పిల్లల తిండి పథకం మొదలుపెట్టినప్పుడు, వండి వడ్డించే ఏర్పాటు లేని రాష్ట్రాలు గింజలే చేతిలో పెట్టాయి. మహారాష్ట్ర కూడా అంతే. మా షోలాపూర్‌లో, 'పూర్వ్ భాగ్' అని అందరూ పిలిచే నేత పనిచేసే సాలోళ్ల పేటల్లో, బియ్యం పంచే వారం వచ్చిందంటే మున్సిపాలిటీ బడిలో చాప మీద చోటు దొరికేది కాదు.

పంపకం వరండాలో. గోనెసంచి మూతి విప్పి, తరాజు తగిలించి, పక్కన హాజరు పట్టీ తెరిచి పెట్టుకుని గురుజీ కూర్చునేవాడు. అక్కడి బడుల్లో మగ పంతులు గురుజీ, ఆడ పంతులమ్మ బాయి. ఎవరింట్లో ఏ సంచి దొరికితే అది పట్టుకొచ్చేవాళ్లం. దిండు గలేబులు తెచ్చినవాళ్లూ ఉన్నారు. ఒక నెల మా వరసలో కూర్చునే పిల్లకు హాజరు కొద్దిలో తప్పింది. వాళ్లమ్మ బీడీల చాట పక్కన పెట్టి, ఆకు కత్తిరించే కత్తెర నడుముకు దోపుకునే వచ్చేసింది. గురుజీకి తెలుగు రాదు, ఆమెకు మరాఠీ బజారు మేరకే వచ్చు. "పిల్లకు జెరమొచ్చె గురుజీ. జెరమొస్తే పిల్ల బడికి రాదు గని, బువ్వ తినదా?" అని నిలదీసింది. ఆయనకు ఎంత అర్థమైందో ఏమో. పట్టీ వంక కాసేపు చూశాడు, కలం తీశాడు, రెండు గైర్హాజరుల్ని హాజరులుగా దిద్దాడు, తూకం వేశాడు. ప్రభుత్వం లెక్కలో అది తప్పే. ఆమె అడిగినదానికి మాత్రం ప్రభుత్వం లెక్కలో జవాబు లేదు.

ఆ బియ్యం పని చేసిందా అంటే, చేసింది. హాజరు కావాలన్నారు, హాజరు వచ్చింది. పట్టీ పిలవడం పొద్దున మొదటి గంటలోనే అయిపోయేది. "హజర్ గురుజీ" అని గట్టిగా పలికి, చిన్న సెలవు గంట కొట్టగానే గోడ దూకి కార్ఖానాల వైపు పోయే పోరగాళ్లు నాలుగు, ఐదు తరగతుల్లో ఉండేవాళ్లు. అక్కడ కండెలు అందిస్తే, నూలు మోస్తే చిల్లర దొరికేది. వాళ్లను మోసగాళ్లనడానికి నాకు నోరు రాదు. బడికి వస్తే బియ్యమన్నారు, చదివితే బియ్యమనలేదు. వాళ్లు ఒప్పందం ప్రకారమే నడుచుకున్నారు.

పంతుళ్ల శిక్షణ పుస్తకాల్లో దీన్ని ప్రవర్తనావాదం అంటారు. 1898లో థార్న్‌డైక్ అనే అమెరికన్ ఆకలిగొన్న పిల్లుల్ని గడియ పెట్టిన పెట్టెల్లో వేసి చూశాడు. గింజుకుని గింజుకుని గడియ తీసుకుని బయటపడి, చేపముక్క తిన్న పిల్లి, మళ్లీ వేస్తే ఇంకాస్త తొందరగా బయటపడింది. 1913లో వాట్సన్, మనసులో ఏముందో తవ్వడం దేనికి, కంటికి కనబడే చేతలు చాలు అన్నాడు. ఆ తర్వాత స్కిన్నర్ ఎలుకల్నీ పావురాల్నీ పెట్టెల్లో పెట్టి దాన్నొక శాస్త్రంగా నిలబెట్టాడు. చేసిన పని వెనకాలే మంచి జరిగితే ఆ పని మళ్లీ చేస్తాం, ఏమీ జరక్కపోతే మెల్లగా మానేస్తాం: విడమరిచి చెప్తే ఇంతే. బి.ఎడ్. తరగతిలో నా తోటివాళ్లు పావురం బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి బట్టీ కొట్టారు. నాకా బొమ్మ అక్కర్లేకపోయింది. మేము పెరిగిన చోట దాన్ని మజూరీ అనేవాళ్లం.

కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపుల నుంచి పద్మశాలీలు షోలాపూర్‌కు పేష్వాల కాలం నుంచే వస్తున్నారు. 1877లో మొదటి మిల్లు వచ్చింది, మా వాళ్లు 'జూనీ మిల్' అనేది దాన్నే. ఆ తర్వాత మరికొన్ని లేచాయి, మనుషుల రాక పెరిగింది. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, సాంచెలు, అంటే మరమగ్గాలు, ఇళ్ల ముందరి రేకుల షెడ్లలోకి వచ్చాయి. దాజీ పేట, సాఖర్ పేట, కన్నా చౌక్, అశోక్ చౌక్, ఘోంగడే వస్తీ, ఎటు తిరిగినా అదే చప్పుడు. 2005లో భౌగోళిక గుర్తింపు దక్కిన షోలాపూర్ చద్దర్లూ టవళ్లూ ఈ గల్లీల్లో నేసినవే. మగవాళ్లు సాంచెల మీద, ఆడవాళ్లు కండెల దగ్గరా బీడీల చాటల ముందూ. శ్రావణ పున్నమికి మార్కండేయుడి రథం, దసరా ముందు బతుకమ్మ, సంక్రాంతికి సిద్ధేశ్వరుడి గడ్డా జాతర. మిగిలిన ఏడాదంతా నేసినదానికి నేసినంత, చుట్టినదానికి చుట్టినంత.

ఈ ముక్క లెక్క జీతాన్ని స్కిన్నర్ కూడా 1953లో రాసిన పుస్తకంలో ఉదాహరణగా తీసుకున్నాడు. ఇన్నిసార్లు పొడిస్తే ఒక గింజ అని పెడితే పావురం మహా జోరుగా పొడుస్తుంది. గింజ దక్కగానే మాత్రం కాసేపు ఆగిపోతుంది. గింజకు ఎన్ని పొడుపులన్న సంఖ్య పెంచేకొద్దీ ఆ ఆగడం కూడా పెరుగుతుంది. అది చదివి నాలో నేనే నవ్వుకున్నాను. మా నాయిన పనిచేసే కార్ఖానాలో పగార్ (జీతం) ఇచ్చిన మర్నాడు సగం సాంచెలు నిలబడి ఉండేవి. "తాగి పండినరు" అని సేఠ్ తిట్టేవాడు. తాగినవాళ్లు లేరని అనను. చుక్క ముట్టని మా నాయిన కూడా ఆ రోజు రెండో చాయ్ తాగిగాని కదిలేవాడు కాదు. బడిలో ఘటక్ చాచణి, అంటే యూనిట్ పరీక్ష, అయిన మర్నాడు మా పుస్తకాలు కూడా అటక మీదే ఉండేవి. మమ్మల్ని సోమరులన్నారు గాని, పరీక్షకే చదివేవాడు పరీక్ష అయ్యాక ఎందుకు చదవాలో ఎవరూ చెప్పలేదు.

ఎక్కాల సంగతి చెప్పాలి. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట, నలభై కట్టలు వెయ్యి. అమ్మ ఆకులో పొగాకు పెట్టి, చుట్టి, దారం కట్టి పడేస్తుంటే మూతులు మడిచి కట్టలు కట్టడం మా పని. బడికింకా పోని పిల్లలకు కూడా ఇరవై ఐదో ఎక్కం నోట్లో నానుతుండేది. అదే పిల్లల్ని బడిలో నిలబెట్టి 'పాఢే' ఒప్పజెప్పమంటే పదిహేడో ఎక్కం దగ్గర గొంతు పడిపోయేది. మా చిన్నక్క పదిహేడో ఎక్కానికి తిన్నన్ని దెబ్బలు మా ఇంట్లో ఎవరూ తినలేదు. ఆ చిన్నక్కే సాయంత్రం చాట ముందు, "పదమూడు కట్టలైనయి, మీద పద్దెనిమిది" అని అమ్మ అంటే తలెత్తకుండానే, "మూడొందల నలభైమూడు. ఇంక ఆరొందల యాభైఏడు చుట్టాలె" అనేది. ఆకు ఎన్ని బీడీలకు సరిపోతుంది, తక్కువ పడితే కంపెనీ ఎంత కోసుకుంటుంది, ఆ డబ్బుకు వారం బజారులో ఏం మానుకోవాలి, ఇదంతా ఆమె తలలో ఒక వరసలో ఉండేది. లెక్కల పరీక్షలో మాత్రం ఫెయిలు.

తెలివి ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి ఉండదు కదా. తేడా ఎక్కడుందంటే, చాట ముందు తప్పు చేస్తే అప్పుడే తెలిసిపోతుంది. కట్టలో ఒకటి తగ్గితే అమ్మ వేలితో నొక్కి చూసి వెనక్కి విసిరేది. కంపెనీలో చెకర్ గుప్పెడు బీడీలు తీసి, వేళ్ల మధ్య పిండి, వదులుగా ఉన్నవాటిని మన కళ్ల ముందే పక్కకు తోసేవాడు. ఏడుపొచ్చేది, కాని ఏది చెడిందో తెలిసేది. సాంచె మీదైతే మనిషి కూడా అక్కర్లేదు. పేక నూలు దాటుతున్నదీ లేనిదీ తడిమి చూసే చిన్న ఇనుప ముల్లు ఒకటి పక్కన ఉంటుంది. దానికి నూలు తగల్లేదంటే సాంచె దానంతటదే ఆగిపోతుంది. నేతగాడు తెగిన పోగును మర్నాటి దాకా మోసుకుపోడు. మా లెక్కల వహీలు (నోటుపుస్తకాలు) మాత్రం సోమవారం తీసుకుంటే ఎప్పటికో తిరిగొచ్చేవి. పేజీకి అడ్డంగా ఒక టిక్కు, లేదంటే ఎర్రటి సున్నా. ఎక్కడ తప్పామో ఆ సున్నా చెప్పేది కాదు, మేమూ అడిగేవాళ్లం కాదు.

స్కిన్నర్‌కు కోపం వచ్చింది సరిగ్గా ఇక్కడే. 1953 నవంబరు 11న తన చిన్న కూతురి నాలుగో తరగతికి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాడు. లెక్కల గంట. చేసేసినవాళ్లు దిక్కులు చూస్తున్నారు, రానివాళ్లు అక్కడే నలుగుతున్నారు, చేసింది ఒప్పో తప్పో ఎవరికీ అప్పటికప్పుడు తెలియడం లేదు. ఎలుకను కూడా ఇంత అధ్వానంగా ఎవరూ తయారుచేయరనిపించి ఉంటుంది ఆయనకు. కొద్దిరోజుల్లోనే ఒక పెట్టె చేశాడు: ఒక చిన్న ప్రశ్న, పిల్ల జవాబు, వెంటనే సరిచూపు, ఆపైన ఇంకో మెట్టు. ఒక్క సంగతి గమనించాలి. ఆ పెట్టెలోంచి చాక్లెట్ రాలేదు. జవాబు సరైందని తెలియడమే బహుమానం. స్కిన్నర్ మన బడుల దాకా వచ్చేసరికి ఈ ముక్క దారిలో ఎక్కడో జారిపోయింది. స్టార్లు, స్టిక్కర్లు, 'వెరీ గుడ్' రబ్బరు ముద్రలు చేరాయి, వహీలు మాత్రం అప్పటిలాగే ఎప్పటికో తిరిగొస్తున్నాయి.

ఇక ఛడీ, అంటే బెత్తం. ఏ బడి, ఎవరి చెయ్యి అన్నది అనవసరం. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా ఉన్నదే. మా పేటల్లో దానికో విశేషం. సాంచె మీద షటిల్‌ను ఇటు నుంచి అటు కొట్టే కట్టె ఒకటుంటుంది, గట్టి కర్ర. అది విరిగితే పారేయకుండా నున్నగా చెక్కించి తెచ్చి, "మా వాన్ని ఇగ మీరే చూసుకోవాలె గురుజీ" అని బడిలో ఇచ్చి పోయిన తండ్రులున్నారు. ప్రేమతోనే ఇచ్చారు. ప్రవర్తనావాదమంటే బెత్తం సిద్ధాంతమని నమ్మేవాళ్లు బి.ఎడ్. కాలేజీల్లో ఇప్పటికీ తగుల్తారు. పిల్లుల థార్న్‌డైకే 1930ల్లో తన మాట సగం వెనక్కి తీసుకున్నాడు: 'సరే' అనిపించుకున్న జవాబు బలపడినంతగా, 'తప్పు' అనిపించుకున్న జవాబు బలహీనపడదని. స్కిన్నర్ అయితే బతికినంత కాలం శిక్షకు ఎదురే. దెబ్బ తిన్నవాడు నేర్చుకునేది పాఠం కాదు, కొట్టేవాణ్ణి తప్పించుకునే దారి. మా తరగతి అందులో ఆరితేరింది. లెక్కల గంటకే కడుపునొప్పి, లెక్కల గంటకే దాహం. 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ కొట్టడాన్ని నిషేధించే నాటికి మా వాళ్లు బడి దాటిపోయారు, చాలామంది సగంలోనే.

బహుమానమైనా దెబ్బైనా ప్రశ్న అర్థమయ్యాకే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. కార్పొరేషన్‌కు తెలుగు మీడియం బడులు ఉన్నా, పైచదువుకూ కొలువుకూ మరాఠీ కావాలని మా వాళ్లు మరాఠీలోనే వేశారు. ఒకటో తరగతిలో బాయి బొమ్మ చూపించి పేరడిగేది. వస్తువు తెలుసు, పేరు తెలుసు, ఆమెకు కావాల్సిన పేరు మాత్రం తెలియదు. తప్పు చెప్తే తరగతంతా నవ్వుతుంది, ఊరుకుంటే బాయి పక్క పిల్లవాడి దగ్గరికి పోతుంది. కాబట్టి ఊరుకోవడం నేర్చుకున్నాం. ఇది కూడా చదువే, ఎవరూ నేర్పాలని అనుకోని చదువు. ఆ అలవాటు వదలడానికి నాకు హైస్కూలు దాకా పట్టింది.

మా జిల్లాలోనే పరితేవాడి అనే పల్లె ఉంది. రంజిత్‌సింహ్ దిసలే అక్కడి జిల్లా పరిషత్ బడికి 2009లో పంతులుగా వెళ్లాడు. పాఠ్యపుస్తకాలకు క్యూఆర్ కోడ్‌లు జోడించాడని 2020లో ఆయనకు గ్లోబల్ టీచర్ ప్రైజ్ వచ్చింది. పది లక్షల డాలర్లు. సగం మొత్తం తనతో పోటీపడ్డ మిగతా ఫైనలిస్టులకు పంచేశాడు. పత్రికలన్నీ క్యూఆర్ కోడ్ గురించి రాశాయి. నన్నడిగితే ఆయన చేసిన పెద్ద పని దానికి ముందుది: ఆ పిల్లల ఇంటి భాష కన్నడమని చూసి, పాఠాల్ని ఆ భాషలోకి తెచ్చుకోవడం. ఆ తర్వాత ఏ బహుమానం పెట్టినా పనిచేస్తుంది.

బహుమానం చెడగొట్టే చోటు కూడా ఒకటుంది. చద్దరు మీద నెమలి రావాలంటే ముందు గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ రంగు నింపాలి, దాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొట్టాలి, ఆ అట్టల దండను సాంచె మీది జకార్డు యంత్రానికి ఎక్కించాలి. మా గల్లీలో ఒక పిల్లవాడు డిజైన్ల దుకాణం బయట పారేసిన గ్రాఫ్ కాగితాలు ఏరుకొచ్చి, మిగిలిన గడుల్లో ఏవేవో నింపుతుండేవాడు. ఏనుగు మీద ఒంటె, ఒంటె మీద రైలు. దుకాణం పెద్దాయన ఒకరోజు చూసి, ఏమీ అనకుండా రంగు పెన్సిళ్ల డబ్బా కొనిచ్చాడు. వాడు ఇంకా గీశాడు. కొన్నాళ్లకు వేరే ఒకాయన, అంచుల డిజైన్ తెస్తే ఒక్కోదానికి ఇంతిస్తానన్నాడు. అంతే, ఒంటెలు పోయాయి. పువ్వు, ఆకు, పువ్వు, ఆకు. చేతివేగం పెరిగింది.

1973లో స్టాన్‌ఫర్డ్‌లోని పిల్లల బడిలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు చేసిన పరీక్ష చదివినప్పుడు నాకు వాడే గుర్తొచ్చాడు. బొమ్మలంటే ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి, గీస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, గీశాక ఇచ్చారు. మిగిలినవాళ్లకు ఏమీ లేదు. కొన్ని రోజులు పోయాక చూస్తే ముందే ఆశ పెట్టినవాళ్లు బొమ్మల దగ్గర గడిపిన సమయం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం. చెప్పకుండా ఇచ్చినవాళ్లకు ఏ నష్టమూ లేదు. ఒక్క పిల్లవాణ్ణి చూసి సూత్రం కట్టకూడదని తెలుసు. వాడిప్పుడు కంప్యూటర్ మీద డిజైన్లు చేస్తాడు, అందులో మంచి పేరుంది. ఊరికే బొమ్మలేస్తున్నావా అని అడిగితే, "టైం యాడుంది అన్నా" అన్నాడు. పైసలు లేని ఇంట్లో పుట్టినవాడికి, పైసల వల్ల నీ కళ చెడిపోయిందని చెప్పే హక్కు స్టాన్‌ఫర్డ్‌కూ లేదు, నాకూ లేదు.

అసలు బహుమానమే దండగ అని తేల్చేద్దామంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అడ్డొస్తుంది. అక్కడి పల్లె సర్కారు బడుల్లో 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక ప్రయోగం నడిపారు. పిల్లల మార్కులు పెరిగినదాన్ని బట్టి పంతుళ్లకు బోనస్. గింజ పిల్లలకు కాదు, పంతుళ్లకన్నమాట. రెండేళ్లకు ఆ బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేరకు ముందున్నారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా మెరుగయ్యారు. మామూలు బడిలో కొలిచే తేడాలతో చూస్తే ఇది చిన్న సంగతి కాదు. అదనంగా పని ఇచ్చామని, బడి అయ్యాక పాఠాలు చెప్పామని, నమూనా పరీక్షలు పెట్టామని పంతుళ్లు చెప్పారు. విచిత్రమేమిటంటే, పంతుళ్ల గైర్హాజరు మాత్రం తగ్గలేదు. మా బియ్యం దగ్గర హాజరుకు పెట్టారు, హాజరు వచ్చింది. ఇక్కడ మార్కులకు పెట్టారు, మార్కులు వచ్చాయి, హాజరు రాలేదు. ఏది కొలిచి డబ్బిస్తామో అదే పెరుగుతుందని మా సేఠ్‌లను అడిగినా చెప్పేవాళ్లు; బరువు లెక్కన ఇస్తే బరువు, నగం (ఒక్కో ముక్క) లెక్కన ఇస్తే నగాలు.

"సాలోళ్ల పిల్లలకు చదువు మీద ధ్యాస ఉండదు" అన్న మాట షోలాపూర్‌లో నేను విన్నన్ని సార్లు ఇంకేదీ వినలేదు. బయటివాళ్లూ అన్నారు, మా పెద్దలూ అన్నారు. ధ్యాస లేకపోవడం కాదు, లెక్క బాగా రావడమే అసలు చిక్కు. బీడీల డబ్బు వారానికి వస్తుంది. కండెల చిల్లర పొద్దుగూకేసరికి వస్తుంది. పదో తరగతి మజూరీ పదేళ్ల తర్వాత, అదీ ఉద్యోగం వస్తే. దగ్గరున్న చిన్న ఫలం దూరాన ఉన్న పెద్ద ఫలాన్ని ఓడిస్తుందని ప్రవర్తనావాదులు పావురాల మీద చూపించారు, మా వీధిలో పిల్లల మీద కనబడింది. పైగా దూరాన ఉన్నది పెద్ద ఫలమని నమ్మడానికి మా కళ్ల ముందు ఏముంది? మా ఇంటెదురు షెడ్డులో పన్నెండో తరగతి పాసైన అన్న ఒక సాంచె మీద, నాలుగో తరగతిలో బడి మానేసిన అన్న పక్క సాంచె మీద. నేసినదానికి ఇద్దరికీ ఒకటే రేటు. మానేసినవాడే పాతవాడు కాబట్టి చెయ్యి వేగం, పగార్ ఎక్కువ. లక్ష్మీ-విష్ణు మిల్లు మూతపడ్డాక చదువుకున్నవాడికి గుమాస్తా పని దొరుకుతుందన్న ఆశ కూడా చాలా ఇళ్లలో మూతపడింది. ఆడపిల్లలకు లెక్క ఇంకా తేలిక: ఏడో తరగతి అయితే చాట సిద్ధంగా ఉంటుంది. 1976 చట్టం కింద బీడీ కార్మికుల పిల్లలకు స్కాలర్‌షిప్ ఉంది. అది ఏడాదికోసారి, మొదటిసారికే పాసైతేనే. తప్పినవాళ్లకే సాయం కావాలి, వాళ్లకే రాదు.

అయినా కొందరం నిలబడ్డాం. ఎందుకు నిలబడ్డామో గింజలతోనే చెప్పలేను. పక్కవాడికి దక్కినది చూసి కూడా మనిషి నేర్చుకుంటాడని 1960ల్లో బందూరా చూపించాడు, అది ప్రవర్తనావాదం ఇల్లు దాటి వేసిన మొదటి అడుగుల్లో ఒకటి. పద్మశాలి శిక్షణ సంస్థవాళ్ల కుచన్ ప్రశాల అనే హైస్కూలు మా పేటల్లోనే ఉంది. యూనిఫాం వేసుకుని అటు పోయే అక్కల్ని చూసేవాళ్లం. జూన్ నెలలో పదో తరగతి ఫలితాలొచ్చాక సమాజం వాళ్లు గుణవంత విద్యార్థుల సత్కారం పెట్టేవాళ్లు. కొబ్బరికాయ, పువ్వు, ఒక చద్దరు. మేము నేసిన చద్దరు మాకే కప్పడం ఏం గౌరవమని మా బాపమ్మ గొణిగేది గాని, ముందు వరసలో ఆమే కూర్చునేది. ఇంకొకటి: మా పేటల్లో 'మాస్టర్' అన్న మాటకు ఒక బరువు ఉండేది. మిల్లు కార్మికుడి ఇంట పుట్టి, మార్క్సిస్టు పార్టీ తరఫున మూడుసార్లు ఎమ్మెల్యే అయిన నర్సయ్య ఆడంను ఎవరూ సాహెబ్ అనరు, ఆడం మాస్టర్ అంటారు. సభలో ఆయన తెలుగులో మాట్లాడుతుంటే, ఈ భాషలో మాట్లాడే మనిషి కూడా ముంబై అసెంబ్లీకి పోవచ్చని చిన్నపిల్లలకు అనిపించేది. ఇది ఏ పట్టీలోనూ ఎక్కే బహుమానం కాదు.

ఆయన ముందుండి నడిపిన పోరాటం ఫలితమే కుంభారి దగ్గర బీడీ కార్మిక స్త్రీల పదివేల ఇళ్లు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ఇచ్చారు. మా చిన్నక్క ఇల్లు అందులోనే. పదిహేడో ఎక్కం ఆమెను తొమ్మిదో తరగతిలో బడి మాన్పించింది. ఇప్పుడు పొద్దుటిపూట బీడీలు, సాయంత్రం ట్యూషన్. వాకిట్లో పరదా కట్టి, చుట్టుపక్కల పిల్లల్ని కూర్చోబెడుతుంది. ఒకరు లెక్క చేయగానే పలక ఆమె ముందుకు రావాలి, ఇంకొక లెక్క మొదలుపెట్టకూడదు. ఒప్పైతే తలూపుతుంది, తప్పైతే తప్పు దగ్గర వేలు పెట్టి పలక వెనక్కిస్తుంది. అంతే. చెకర్ చేసిన పని చేస్తుంది గాని, పక్కకు తోసేయదు. తెలుగులో అడిగినవాళ్లకు తెలుగులో, మరాఠీలో అడిగినవాళ్లకు మరాఠీలో.

మొన్న వెళ్లినప్పుడు, నేను చదువుకున్నవాణ్ణి కదా, చాక్లెట్లో పెన్నులో ఏమన్నా పెట్టరాదా, పిల్లలు ఇంకా హుషారుగా వస్తారు అన్నాను. చిన్నక్క నన్ను ఎగాదిగా చూసింది.

"పెట్టిన్రా. ఒక నెల పెట్టిన. చాక్లెట్ లేని రోజు లెక్క చేస్తలేరు. ఇస్తనే ఉండాలె, లేకుంటే మొదలే పెట్టొద్దు." పలక మీదున్న లెక్కలోంచి తలెత్తకుండానే ఇంకో మాట అంది: "నీ జేబులకెల్లి తీస్తనంటే చెప్పు, రేపే మొదలువెడుత."

తీయలేదు. ఆ నెల ఆమె ఫీజు ఇరవై ఐదు రూపాయలు పెంచింది, అడిగిన తల్లులకు కారణం కూడా చెప్పింది: పిల్లలు ఎక్కువయ్యారు, వేలు పెట్టి చూడాల్సిన తప్పులు ఎక్కువయ్యాయి, చుట్టాల్సిన బీడీలు తగ్గుతున్నాయి.